చిన్న పడగ్గది, ఒకే బీరువా: ఉన్న జాగాలోనే అన్నీ పట్టేలా సర్దే పద్ధతి

బీరువా తలుపు తీయగానే బట్టలు మీద పడుతుంటే ఇంకో బీరువా కొందామా అనిపిస్తుంది. పదడుగులకు పదడుగులున్న గదిలో మంచం వేశాక రెండో బీరువాకు చోటెక్కడ? చాలా ఇళ్ళలో బీరువా నిజంగా నిండి ఉండదు, కిక్కిరిసి ఉంటుంది. ప్రతి అరలోనూ దొంతరల పైన జానెడు ఖాళీ వృథాగా పోతుంది. వెనక వరసలో ఏముందో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. తలుపుల లోపలి వైపు ఏమీ ఉండదు.

ఈ పద్ధతి అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఒకటి తీస్తే పక్కది కదలకూడదు. అడుగునున్న చీర కోసం పైనున్న ఎనిమిది చీరలు ఎత్తాల్సి వస్తే, ఎంత బాగా సర్దినా వారం తిరిగేసరికి మళ్ళీ కుప్పే అవుతుంది. కింద చెప్పే కొలతలు, మడతలు, పెట్టెలు అన్నీ ఆ ఒక్క పని కోసమే. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రెండు తలుపుల స్టీలు బీరువాను లెక్కలోకి తీసుకుని రాస్తున్నాను. గోడ గూళ్ళున్నవాళ్ళకు, చెక్క వార్డ్‌రోబ్ ఉన్నవాళ్ళకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెబుతాను.

1. ముందు టేపు తీయండి

బుట్టలు, హ్యాంగర్లు ఏవీ ఇప్పుడే కొనకండి. మామూలు స్టీలు బీరువా ఆరున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, 19 అంగుళాల లోతు ఉంటుంది. అది బయటి కొలత. లోపల వాడుకోగలిగే లోతు 17, 18 అంగుళాలు. పెద్దవాళ్ళ బట్టల హ్యాంగరు వెడల్పు 16, 17 అంగుళాలు కాబట్టి అందులో సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా వెడల్పు హ్యాంగరైతే తలుపు పడదు. చెక్క వార్డ్‌రోబ్ లోతు 22 నుంచి 24 అంగుళాలు ఉంటుంది గనక అక్కడ ఈ ఇబ్బంది లేదు. కానీ పక్కకు జరిగే తలుపులైతే ఒకసారికి సగమే తెరుచుకుంటాయి. అలాంటి దాంట్లో సొరుగులు, పెట్టెలు ఏ సగానికి ఆ సగంలోనే ఇమడాలి, నడిమి గీత దాటితే బయటికి రావు.

ప్రతి అర వెడల్పు, లోతు, ఎత్తు కాగితం మీద రాసుకుని ఆ కాగితాన్ని తలుపు లోపల అంటించండి. బజారుకు వెళ్ళేటప్పుడు ఫోనులో ఫొటో తీసుకుంటే చాలు. మంచానికీ బీరువాకూ మధ్య దూరం కూడా కొలవండి. వాస్తు ప్రకారం నైరుతి మూలన పెట్టిన బీరువాను మనం మళ్ళీ కదపం. అక్కడ తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే ఆ వైపు అరల్లో లాగే పెట్టెలు పెట్టుకోవద్దు, పైనుంచి తీసుకునేవే పెట్టుకోండి.

2. అంతా మంచం మీదికి

ఒక్కో అర చొప్పున సర్దితే ఒక అరలోని చెత్త ఇంకో అరలోకి మారుతుందంతే. అందుకే మొత్తం ఒకేసారి బయటికి తీయాలి. దీనికి మంచి కాలం సంక్రాంతి ముందు రోజులు. భోగికి ఎలాగూ ఇల్లు దులుపుతాం, అప్పుడు ఎండ బాగుంటుంది, గాలిలో తేమ తక్కువ. వానాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, తేమ పీల్చుకున్న బట్టల్ని మళ్ళీ లోపల పెట్టి మూసినట్టవుతుంది.

ఐదు కుప్పలు పోయండి: రోజూ కట్టేవి, ఆఫీసుకో చిన్న ఫంక్షన్‌కో వేసుకునేవి, పట్టుచీరలు, పెట్టుబడి బట్టలు (శుభకార్యాల్లో ఒకరికొకరు పెట్టుకునేవి), ఇంట్లోంచి వెళ్ళిపోవాల్సినవి.

చివరి కుప్ప దగ్గరే అందరం ఆగిపోతాం. ఒక్కో చీర చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు కట్టడం లేదు అని అడగండి. చాలాసార్లు చీర తప్పేమీ ఉండదు. జాకెట్టు బిగుతయి ఉంటుంది, లేదా ఫాలు కుట్టించలేదు, పీకో చేయించలేదు, మ్యాచింగ్ లంగా లేదు. జాకెట్టు తిరగేసి చూడండి. పక్క కుట్లలో గుడ్డ వదిలి ఉంటే టైలరు ఇట్టే వదులు చేసిస్తాడు. ఇలాంటివన్నీ ఒక సంచిలో వేసి ఆ సంచిని చెప్పుల స్టాండు పక్కన పెట్టండి, మళ్ళీ బీరువాలోకి రానివ్వొద్దు. టైలరు దగ్గరికి వెళ్ళి వచ్చిన చీరకే బీరువాలో చోటు.

నిజంగా వెళ్ళిపోవాల్సినవాటికి మన దగ్గర దారులున్నాయి. మెత్తబడిన నూలు చీరలు బొంతకు పనికొస్తాయి. పాత పంచెల్ని పారేయకండి, ఉతికి ఎండబెట్టి పక్కన పెట్టండి, పట్టుచీరలు చుట్టడానికి అంతకన్నా మంచి గుడ్డ దొరకదు. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చేవాళ్ళు ఇప్పటికీ కొన్ని వీధుల్లో తిరుగుతున్నారు. బాగున్నవి ఎవరికైనా ఇచ్చేటట్టయితే ఉతికి, గుండీలు చూసి, మడతపెట్టి ఇవ్వండి.

3. పెట్టుబడి బట్టలకు వేరే పెట్టె

బయటి దేశాల వీడియోలు చూసి సర్దుకున్నవాళ్ళకు మన బీరువా లొంగకపోవడానికి పెద్ద కారణం ఇదే. పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో, నోముల్లో పెట్టిన జాకెట్టు ముక్కలు, చీరలు, పంచెల చాపులు, తువ్వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. అవి మనం కట్టుకునేవీ కావు, పారేసేవీ కావు. రేపు ఎవరికో పెట్టాలి. వాటిని మన బట్టల మధ్య దూర్చడం వల్ల అరలు నిండిపోతాయి, అవసరమైన రోజున అవి దొరకవు.

మూతున్న ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీసుకోండి. జాకెట్టు ముక్కల్ని అరచేతి వెడల్పున మడిచి, పుస్తకాల్లా నిలువుగా పేర్చండి. పైనుంచి చూస్తే రంగులన్నీ కనిపిస్తాయి, ముత్తయిదువకు బొట్టుపెట్టి ఇచ్చేటప్పుడు వెతుక్కునే పని ఉండదు. చీరలకు మాత్రం ఒక చిన్న చీటీ తప్పనిసరి: ఎవరు పెట్టారు, ఏ సందర్భంలో, ఏ నెలలో. పిన్నిగారు పెట్టిన చీర తిరిగి పిన్నిగారి కోడలికే వెళ్తే నొచ్చుకుంటారు. చీటీ ఉంటే ఆ భయం లేదు. ఈ పెట్టెకు బీరువాలో మంచి అర ఇవ్వాల్సిన పనిలేదు, మంచం కిందనో సజ్జ మీదనో ఉన్నా చాలు. కానీ పెట్టె నిండిందంటే ఇక కొత్తది కొనకుండా అందులోంచే పెట్టాలి.

4. ఖాళీ బీరువాకు చేయాల్సినవి

లోపలంతా పొడిగుడ్డతో దులిపి, కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి. తుప్పు మచ్చలుంటే గరుకు కాగితంతో రుద్ది పెయింటు వేయించుకోండి, తుప్పు మరక బట్ట మీద పడితే మామూలు ఉతుకుకు వదలదు. బీరువా వెనక గోడ అవతల బాత్రూమ్ ఉందేమో చూడండి. ఉంటే గోడకూ బీరువాకూ మధ్య కనీసం రెండంగుళాలు వదలాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్ళలో బాత్రూమ్ గోడ కాకపోయినా ఆ ఖాళీ ఉంచడమే మేలు. గోడ గూళ్ళలో చెమ్మ కనిపిస్తే ఆ అరలో బట్టలు పెట్టకండి, ముందు గోడ బాగుచేయించండి.

అరల్లో పాత న్యూస్‌పేపర్లు పరవడం మనకు అలవాటు. లేతరంగు బట్టలకు సిరా అంటుకుంటుంది, కాగితం కిందకి పురుగు చేరుతుంది. తెల్ల కాగితమో ఉతికిన నూలుగుడ్డో పరవండి.

బీరువా నేల మీద అటూ ఇటూ ఊగకూడదు. ఊగితే తలుపులు సరిగా పడవు, తాళం బిగుసుకుంటుంది. కాలి కింద చెక్క ముక్క పెట్టి సరిచేయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో, ముఖ్యంగా తేలికపాటి చెక్క అలమరాలను, గోడకు క్లాంపుతో బిగించుకోవాలి. పిల్లలు అరలు పట్టుకుని ఎక్కుతారు, అలమరా ముందుకు ఒరుగుతుంది.

5. అరల మధ్య ఎత్తు

జాగా ఎక్కువగా మిగిలేది ఇక్కడే. నాలుగు అర పలకలతో ఐదు గూళ్ళుగా ఉండే బీరువాలో ఒక్కో గూడు ఎత్తు సుమారు 14 అంగుళాలు. మడిచిన చొక్కాల దొంతర ఎనిమిది, తొమ్మిది అంగుళాలు దాటితే పక్కకు ఒరుగుతుంది, కాబట్టి పై ఐదంగుళాలు ఎప్పుడూ ఖాళీయే. అలాంటి ఖాళీ ప్రతి గూట్లోనూ ఉంటే బీరువాలో మూడో వంతు గాలికే పోయినట్టు.

మీ బీరువా అరలు పక్కనున్న క్లిప్పుల మీద ఆనుకుని ఉన్నాయేమో చూడండి. చాలా బీరువాల్లో అరను ఎత్తి క్లిప్పుల్ని పైకో కిందికో మార్చుకోవచ్చు. ఒక గూడును 18 అంగుళాలు చేసి దుప్పట్లకు, ఒకదాన్ని పదికి తగ్గించి చొక్కాలకు ఉంచుకోండి. అరలు కదలనివైతే, గోడ గూళ్ళలో అయితే సిమెంటు పలకలు కదిలే అవకాశమే లేదు కాబట్టి, మధ్య బల్ల వేసుకోవాలి. 12 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కకు రెండు చివరలా, మధ్యలో ఒకటి, ఏడంగుళాల కాళ్ళు కొట్టించండి. ఏ కార్పెంటరైనా మిగులు ముక్కలతోనే చేసిస్తాడు. కింద ఒక వరస, పైన ఒక వరస, రెండూ పొట్టివి. అడుగున ఉన్నది లాగినా ఏదీ కూలదు.

6. ఏది ఏ ఎత్తులో

నడుము నుంచి కంటి ఎత్తు దాకా ఉన్న రెండు గూళ్ళు రోజువారీ బట్టలవి. అందులో ఇంకేదీ చేరకూడదు, పట్టుచీర అయినా సరే. వంగి తీసుకోవాల్సిన అడుగు గూట్లో బరువైనవి: జీన్సు, దుప్పట్లు, తువ్వాళ్ళు. బరువు కింద ఉంటే బీరువా కూడా నిలకడగా ఉంటుంది. కుర్చీ వేసుకుని అందుకునే పై గూట్లో నెలకోసారి తీసేవి.

ఇద్దరు వాడే బీరువాను అరలవారీగా పంచుకోవడం కన్నా తలుపులవారీగా, నిలువుగా పంచుకోవడం మంచిది. అప్పుడు ఇద్దరికీ చేతికందే ఎత్తులో చోటుంటుంది. పిల్లల యూనిఫారాలు మాత్రం వాళ్ళ చేతికే అందాలి. ఐదు రోజులకు ఐదు జతలు, ఒక్కో జతలో చొక్కా, నిక్కరు, బనియను, సాక్సులు కలిపి ఒకే చుట్టగా చుట్టి పెడితే పొద్దున్నే బీరువా మొత్తం తిరగేయరు.

7. చీరలు

షాపు మడతలో చీర అడుగు వెడల్పు, అడుగుకు కాస్త ఎక్కువ పొడవు ఉంటుంది. మూడడుగుల అరలో పక్కపక్కన మూడు దొంతరలకు మించి పట్టవు. ఆ దొంతరలో పైన రెండు చీరలే తిరిగి తిరిగి కడతాం. రోజువారీ జార్జెట్, షిఫాన్, క్రేప్ లాంటివాటికి ఆ మడత మీద ఇంకో మడత పొడవులో వేయండి. ఏడంగుళాల ఎత్తున్న పొట్లం తయారవుతుంది. దాన్ని పడుకోబెట్టకుండా నిలబెట్టండి. ఏడెనిమిది అంగుళాల లోతున్న, మూతలేని బుట్టలో ముందు నుంచి వెనక్కి వరసగా పేర్చితే ప్రతి చీర అంచూ కనిపిస్తుంది. పల్చటి చీరలైతే ఒక బుట్టలో డజను దాకా పడతాయి. బుట్ట మరీ బిగుతుగా నింపకండి, నాలుగు వేళ్ళు దూరేంత వదులుండాలి. ఇలా నిలబెట్టినవాటి అడుగున బుట్ట వద్దనుకుంటే పుస్తకాలు ఒరగకుండా రెండు పక్కలా ఆనించే రేకు బుక్‌ఎండ్లు రెండు చాలు.

జాకెట్టు ఎక్కడ పెట్టాలన్నది ఇళ్ళను బట్టి మారుతుంది. ఒక చీరకే నప్పే జాకెట్టయితే ఆ చీర మడతలోనే పెట్టండి. నలుపు, బంగారు రంగు, ఎరుపు లాంటి నాలుగైదు చీరలకు పనికొచ్చే జాకెట్లను మాత్రం విడిగా, చెప్పుల డబ్బాంత పెట్టెలో నిలువుగా పేర్చండి. లంగాలను చుట్టగా చుట్టి, అదే లంగా బొందుతో వదులుగా కట్టి, ముదురు రంగులు ఒకవైపు, లేతవి ఒకవైపు.

మంగళగిరి, వెంకటగిరి లాంటి నూలు చీరలకు గంజి పెట్టి ఇస్త్రీ చేయించి దాచేవాళ్ళు చాలామంది. ఈ వారం కడతారంటే సరే. నెలల తరబడి దాచేటట్టయితే గంజి పోయేలా ఉతికి, ఆరాక దాచండి. వెండిలా మెరిసే సన్నటి పురుగులకు గంజే తిండి, మడతల దగ్గర చీర చిరగడానికీ గంజి బిరుసే కారణమవుతుంది.

పట్టుకు నియమాలు వేరు, ఇక్కడ జాగా కోసం రాజీపడొద్దు. ధర్మవరం, కంచి పట్టు లాంటి బరువు జరీ చీరల్ని హ్యాంగరుకు వేలాడదీయకండి, బరువుకు మడత దగ్గర దారాలు సాగుతాయి. ప్లాస్టిక్ కవర్లో మూసి పెట్టకండి, లోపల తేమ చిక్కుకుంటుంది. జరీ అంచు లోపలికి వచ్చేలా తిప్పి మడిచి, పాత పంచె గుడ్డలో చుట్టి, పడుకోబెట్టి, మూడు నాలుగుకు మించకుండా పేర్చండి. వెండి జరీ గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. సెంటు నేరుగా చీర మీద కొట్టుకున్నా జరీకి దెబ్బే. గుడ్డ మూట బయట చీర రంగు, అంచు రంగు రాసిన చీటీ పిన్నుతో గుచ్చండి, పిన్ను గుడ్డకే, చీరకు కాదు. మూట విప్పకుండానే ఏదేమిటో తెలుస్తుంది.

8. చొక్కాలు, కుర్తీలు, హ్యాంగర్లు

నలిగే బట్టలే హ్యాంగరుకు వెళ్ళాలి. టీషర్టులు, నైటీలు, లెగ్గింగులు, బనియన్లు మడతకే. టీషర్టును బోర్లా పరిచి రెండు పక్కలా మధ్యకు మడవండి, తొమ్మిదంగుళాల పట్టీ అవుతుంది. దాన్ని సగానికి, ఆ సగాన్ని మూడుగా. చేత్తో వదిలితే తనంతట తాను నిలబడాలి. నిలబడకపోతే మడత వదులైనట్టు.

హ్యాంగర్ల విషయంలో మందం ముఖ్యం. చెక్క హ్యాంగర్లు తీసేసి సన్నటి, వెల్వెట్ పూత ఉన్నవి వాడితే అదే కడ్డీకి దాదాపు రెట్టింపు పడతాయి. అన్నీ ఒకే రకం తీసుకోండి, రకరకాలవి కలిస్తే కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

వేలాడే వాటి కింద ఎంత ఖాళీ మిగులుతుందో కూడా చూడాలి. చొక్కాకు సుమారు 36 అంగుళాలు, సగానికి మడిచి వేసిన ప్యాంటుకు, చీరకు 28 నుంచి 30 చాలు. పొడుగు కుర్తీకి నాలుగడుగులు. పొట్టివన్నీ ఒకవైపు, పొడుగువన్నీ ఒకవైపు వేలాడదీస్తే పొట్టివాటి కింద ఒక సొరుగుల పెట్టె పట్టేంత జాగా వస్తుంది. అమెరికాలో అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళకు ఇది మరీ పనికొస్తుంది. అక్కడి క్లోజెట్‌లో ఐదున్నర అడుగుల ఎత్తున ఒకే కడ్డీ, పైన ఒక పలక ఉంటాయి. పల్చటి చీరలన్నీ ఒకవైపు వేలాడదీస్తే వాటి కింద మూడడుగుల ఎత్తు మిగులుతుంది.

9. తలుపులు

స్టీలు బీరువా ఉన్నవాళ్ళకు అయస్కాంతం హుక్కులంత మేలైనవి లేవు. రంధ్రం అక్కర్లేదు, పెయింటు పోదు, అద్దె ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు తీసేసుకోవచ్చు. తలుపు లోపల ఒక వరసలో చున్నీలు, ఇంకో వరసలో బెల్టులు, హ్యాండ్‌బ్యాగు. చున్నీల్ని మడిచి పెట్టకండి, ఒక్కో హుక్కుకు రెండేసి తగిలిస్తే చాలు. చెక్క తలుపులకైతే జేబుల సంచి వేలాడదీసి కర్చీఫులు, సాక్సులు, సేఫ్టీ పిన్నులు అందులో వేయండి. తలుపు మూసినప్పుడు అర అంచుకు తగలకుండా రెండంగుళాల మందం మించనివే పెట్టాలి.

ఒకసారి వేసుకుని, ఉతకడానికి వేయని బట్టల సంగతి ఎవరూ చెప్పరు. కుర్చీ మీద పేరుకునేవి అవే. వాటిని ఉతికిన బట్టల్లో కలపకూడదు, చెమట వాసన అన్నింటికీ పడుతుంది. గది తలుపు వెనక నాలుగు హుక్కులు వాటికే కేటాయించండి. నాలుగూ నిండాయంటే ఒకటి ఉతకడానికి వెళ్ళాలి.

10. సజ్జ, మంచం కింద

ఖాళీ సూట్‌కేసుల్ని ఖాళీగా ఉంచకండి. రగ్గులు, స్వెట్టర్లు, అదనపు దుప్పట్లు వాటిలోకి వెళ్ళాలి. ప్రయాణానికి తీసే సూట్‌కేసు ఒక్కటి మాత్రం ఖాళీగా, ముందు వరసలో ఉండాలి. గాలి తీసేసే కవర్లు సింథటిక్ రగ్గులకు బాగా పనిచేస్తాయి. పట్టుకు, దూది పరుపులకు వాడొద్దు, దూది అణిగిపోతుంది. ప్రతి సూట్‌కేసు మీద లోపలున్నవాటి జాబితా అంటించండి. సజ్జ మీద అట్టపెట్టెలు వద్దు, స్వీటు డబ్బాలు అసలే వద్దు, ఎంత తుడిచినా చీమలొస్తాయి.

11. పురుగు, వాసన

కలరా ఉండలు వాడితే గుడ్డలో కట్టి అర మూలన పెట్టండి, జరీకి తగలనివ్వొద్దు. పసిపిల్లల బట్టలున్న చోట అసలు వద్దు. జి6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు ఈ ఉండల్లోని నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నం కావచ్చు, ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు. బాగా ఎండిన వేపాకు నూలు సంచిలో వేసి పెట్టవచ్చు. పచ్చిగా పెడితే తేమ, మరక రెండూ వస్తాయి. వట్టివేళ్ళ చిన్న కట్ట చక్కటి వాసన ఇస్తుంది. వానాకాలంలో సిలికాజెల్ పొట్లాలు అరకొకటి పెట్టండి. ఇస్త్రీ నుంచి వచ్చిన బట్టల్ని వేడి పూర్తిగా తగ్గాకే లోపల పెట్టాలి.

12. తర్వాత రోజుల్లో

ఉతికిన బట్టల్ని ఎప్పుడూ వరసలో చివరే పెట్టండి. ఆరు నెలలు గడిచాక వరస మొదట్లో కదలకుండా మిగిలినవేవో వాటంతటవే బయటపడతాయి. ఒక చీర కొంటే ఒకటి బయటికి వెళ్ళాలన్న నియమం మన ఇళ్ళలో చీరకు చీరగా నడవదు, పెళ్ళిళ్ళ సీజనులో వచ్చేవాటిని ఎవరూ ఆపలేరు. బదులుగా బుట్టను హద్దుగా పెట్టుకోండి. బుట్ట నిండితే అందులోంచే ఒకటి తీయాలి, రెండో బుట్ట మాత్రం రాకూడదు.

ఎండ ఉన్న రోజు ఉదయం నెలకోసారైనా రెండు తలుపులూ గంటసేపు తెరిచి, ఫ్యాను వేసి వదిలేయండి. పట్టుచీరల మూటలు మూడు నాలుగు నెలలకోసారి విప్పి, నీడలో కాసేపు ఆరవేసి, పాత మడత గీత మీద కాకుండా పక్కకు జరిపి మళ్ళీ మడవండి. ఎప్పుడు మడత మార్చారో ఆ తేదీని మూట మీది చీటీలోనే రాసుకోండి.